తీరే అప్పు, తరగని నిధి



మన ఊళ్లలో అప్పు తగాదా పెద్దమనుషుల దాకా వస్తే, వాళ్లు ముందు నోటు చూపించమంటారు. అసలెంత, వడ్డీ నూటికెంత, ఇప్పటిదాకా ముట్టిందెంత అని లెక్క కడతారు. ఇచ్చిన సొమ్ముకు సమానంగా వడ్డీ ముట్టిందని తేలితే, వాళ్లలో ఒకరు అప్పిచ్చినాయన వైపు తిరిగి, “వడ్డీ అసలంత అయింది కదయ్యా, ఇంకెక్కడిదాకా పెంచుతావు? అసలు పుచ్చుకుని నోటు చించెయ్” అంటారు. ఆ మాట ఏ చట్టంలో ఉందని అక్కడ ఎవరూ అడగరు. అప్పిచ్చినాయన గొణుక్కుంటే గొణుక్కుంటాడు గానీ, ఆ మాటను కొట్టిపారెయ్యడు.

వడ్డీ అసలును దాటకూడదన్న ఆ లెక్క బ్యాంకుల్లో పుట్టలేదు, ఆర్థికశాస్త్ర గ్రంథాల్లోనూ పుట్టలేదు. పాపపుణ్యాల గురించీ పరలోకం గురించీ తలబద్దలు కొట్టుకున్నవాళ్లు చేసిన లెక్క అది. దేవుడి సంగతి గుడిలో, డబ్బు సంగతి బజారులో అని మనం వేరు చేసి చూస్తాం. చరిత్రలో మాత్రం ఆ రెండూ చాలాకాలం ఒకే పద్దు పుస్తకంలో ఉన్నాయి. ఆ పద్దులో రెండు పుటలను ఈ రోజు మీ ముందు తెరుస్తాను. ఒకటి అప్పు పుట, రెండోది దేవుడి పేరిట దాచిన నిధి పుట.

అప్పుతోనే మొదలుపెడదాం. మనిషి పుట్టడమే బాకీతో పుడతాడని వేదవాఙ్మయం చెప్పింది. ఋషులకు ఒక ఋణం, దేవతలకు ఒక ఋణం, పితృదేవతలకు ఒక ఋణం. చదువుతో మొదటిదీ, యజ్ఞంతో రెండోదీ, సంతానంతో మూడోదీ తీర్చుకోవాలని తైత్తిరీయ సంహిత మాట. మనిషికీ లోకానికీ ఉన్న సంబంధాన్ని చెప్పడానికి ఆ రోజుల్లోనే వాళ్లకు అందిన మాట అప్పు. ఇవాళ్టికీ మనం ఋణానుబంధం అంటాం, ఎవరైనా మేలు చేస్తే నీ ఋణం ఉంచుకోను అంటాం.

ఇది మాటల దగ్గరే ఆగిపోయి ఉంటే మన ప్రసంగానికి పని లేదు. స్మృతికారులు ఆ భావాన్ని తీసుకెళ్లి లౌకికమైన అప్పుకు ముడిపెట్టారు. బాకీ తీర్చకుండా పోయినవాడు అప్పిచ్చినవాడి ఇంట్లో దాసుడిగానో పశువుగానో పుట్టి చాకిరీ చేయాల్సి వస్తుందన్నారు. అందుచేత తండ్రి అప్పు కొడుకు తీర్చాలి. తీరిస్తే తండ్రికి నరకం తప్పుతుంది. అయితే అక్కడ ఒక మినహాయింపు పెట్టారు. తండ్రి జూదానికో తాగుడుకో చేసిన అప్పు కొడుకును అంటదు.

ఈ పుణ్యధర్మాన్ని బ్రిటిష్ వారి కాలంలో కోర్టులు హిందూ చట్టంలో భాగంగా అమలు చేశాయి. తండ్రి చేసిన బాకీకి ఉమ్మడి ఆస్తిలో కొడుకు వాటాను జప్తు చేయించుకున్న షావుకార్లు ఎందరో ఉన్నారు. ఆ బాకీ జూదం బాకీ అని రుజువు చేయడానికి కోర్టుల చుట్టూ తిరిగిన కొడుకులూ అంతమంది ఉన్నారు. ఒక ఆత్మకు నరకం తప్పించాలన్న నమ్మకం ఎకరాలను చేతులు మార్పించింది. స్వాతంత్ర్యం వచ్చినా ఈ సూత్రం పోలేదు. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినప్పుడు గానీ, ఆ తర్వాత చేసే అప్పులకు కొడుకు మీద ఈ బాధ్యత మోపడం కుదరదని పార్లమెంటు తేల్చలేదు. ఆడపిల్లలకు పుట్టుకతో సమాన హక్కు ఇచ్చిన సవరణగా దాన్ని గుర్తుపెట్టుకున్నాం. వేల ఏళ్ల పితృఋణం కోర్టుల్లో చెల్లకుండా పోయింది కూడా ఆ సవరణతోనే.

అప్పు తీర్చి తీరాలని ఇంత గట్టిగా చెప్పినవాళ్లే, ఆ అప్పు ఎక్కడ ఆగాలో కూడా చెప్పారు. నెలకు నూటికి ఒకటింపావు వడ్డీ ధర్మమైనదని కౌటిల్యుడి అర్థశాస్త్రం చెబుతుంది. వ్యాపారానికి నూటికి అయిదు, అడవి దారుల్లో సరుకు తోలేవారికి పది, సముద్రం మీద వెళ్లేవారికి ఇరవై. ముప్పు పెరిగే కొద్దీ వడ్డీ పెరగవచ్చునని ఆయనకు తెలుసు. ధాన్యం అప్పు మాత్రం పంట చేతికొచ్చే వేళకు సగానికి మించి పెరగరాదన్నాడు. మనువూ ఒకటింపావు అనే మొదలుపెట్టి, ఒక్కసారిగా వసూలు చేసే మొత్తం అసలుకు రెట్టింపు దాటకూడదని గిరి గీశాడు. దీన్నే తర్వాతి న్యాయశాస్త్రం ‘దామ్‌దుపట్’ అంది. బొంబాయి ప్రెసిడెన్సీలోనూ కలకత్తా నగరంలోనూ ఇంగ్లీషు న్యాయమూర్తులు కూడా దీన్ని పాటించారు.

ఇదే మనుస్మృతిలో దీని పక్కనే ఇంకో లెక్క ఉంది. దాన్ని దాటేసి వెళ్లడం న్యాయం కాదు. తాకట్టు లేని అప్పుకు బ్రాహ్మణుడి దగ్గర నెలకు నూటికి రెండు, క్షత్రియుడి దగ్గర మూడు, వైశ్యుడి దగ్గర నాలుగు, శూద్రుడి దగ్గర అయిదు తీసుకోవచ్చునంటుంది. అంటే ఏడాదికి ఒకరికి ఇరవై నాలుగు శాతం, ఇంకొకరికి అరవై. ఎవరి దగ్గర తక్కువ ఉందో వాళ్లకే ఎక్కువ వడ్డీ. హద్దు గీసిన చేయే ఎగుడుదిగుడు కూడా గీసింది. ధర్మశాస్త్రాన్ని పొగడాలన్నా తిట్టాలన్నా ఈ రెండు శ్లోకాలనూ కలిపి చదవాలి.

ఇలాంటి హద్దు మన దేశానికే పరిమితం కాదు. యూదుల ధర్మగ్రంథం ఏడేళ్లకొకసారి అప్పులు మాఫీ చేయమంది. యాభయ్యో ఏడు జూబిలీ అని, అమ్ముకున్న భూమి అమ్ముకున్న కుటుంబానికి తిరిగి చేరాలంది. దానికి చెప్పిన కారణం ఆర్థికమైనది కాదు. భూమి దేవుడిది, మీరు దానిమీద అద్దెకున్నవాళ్లు, శాశ్వతంగా అమ్మే హక్కు మీకెక్కడిది అన్నది దాని భావం. వినడానికి బాగుంది. కానీ ఏడో ఏడు దగ్గరపడుతుంటే ఎవరు అప్పిస్తారు? రేపు మాఫీ అయ్యే అప్పు ఈ రోజు ఇవ్వడానికి షావుకారు చేయి వెనక్కి పోయింది. బీదవాడికి మేలు చేయబోయిన నియమమే వాడికి అప్పు పుట్టకుండా చేసింది. చివరికి క్రీస్తుకు కాస్త ముందు హిల్లెల్ అనే ధర్మాచార్యుడు ఒక పత్రం కనిపెట్టాడు. ఆ పత్రం రాసి బాకీని న్యాయసభకు అప్పగిస్తే ఏడో ఏడు మాఫీ దానికి వర్తించదు. దేవుడి ఆజ్ఞను అలాగే ఉంచి, బజారుకు సందు వదిలాడన్నమాట. రుణమాఫీ ప్రకటించగానే బ్యాంకులు కొత్త అప్పులకు వెనకాడతాయని మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వినే వాదనకు వయసు రెండు వేల ఏళ్లు.

క్రైస్తవ చర్చి ఇంకా గట్టిగా పట్టుపట్టింది. 1179లో మూడో లాటరన్ మహాసభ, బాహాటంగా వడ్డీ వ్యాపారం చేసేవాళ్లను చర్చి నుంచి వెలివేయాలనీ, వాళ్ల శవాలకు క్రైస్తవ ఖననం ఇవ్వకూడదనీ తీర్మానించింది. పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ దానికి తర్కం సమకూర్చాడు. ద్రాక్షసారాయిని తాగితే అయిపోతుంది. సారాయికి ఒక ధర, తాగినందుకు మరో ధర అడగడం అన్యాయం. డబ్బూ అంతే, వాడితే ఖర్చయిపోయేది, దాని వాడకానికి విడిగా వెల కట్టకూడదు అన్నాడు. ఈ నిషేధానికి బలైంది ఎవరంటే యూదులు. భూమి కొననివ్వక, చేతివృత్తుల సంఘాల్లో చేరనివ్వక, చాలాచోట్ల వాళ్లను వడ్డీ వ్యాపారంలోకే నెట్టారు. ఆ వ్యాపారం చేస్తున్నారని మళ్లీ వాళ్లనే ద్వేషించారు. 1290లో ఇంగ్లండ్ వాళ్లందరినీ దేశం నుంచి వెళ్లగొట్టింది.

మరి బీదవాడికి అప్పు ఎక్కడ దొరకాలి? దానికి జవాబు సన్యాసులే వెతికారు. 1462లో ఇటలీలోని పెరూజియాలో ఫ్రాన్సిస్కన్ సాధువులు విరాళాలు పోగుచేసి ఒక తాకట్టు కొట్టు తెరిపించారు. సామాను తాకట్టు పెట్టుకుని, ఖర్చుల కోసం కొద్దిపాటి రుసుముతో చిన్న అప్పులిచ్చేవారు. ఆ రుసుము కూడా వడ్డీయేనని ఇతర సాధువులు గొడవ చేస్తే, 1515లో పోప్ పదో లియో అది పాపం కాదని తేల్చాల్సివచ్చింది. ఆ తర్వాత 1545లో సంస్కరణవాది జాన్ కాల్విన్ ఒక ఉత్తరంలో, వ్యాపారికిచ్చే అప్పు మీద వడ్డీ తీసుకోవచ్చు గానీ ఆపదలో ఉన్న పేదవాడి దగ్గర తీసుకోకూడదని రాశాడు. లాభం కోసం చేసే అప్పు వేరు, ఆకలి తీర్చుకోవడానికి చేసే అప్పు వేరు అన్న భేదం అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఇస్లాం ఇదే సమస్యను ఇంకో వైపు నుంచి పట్టుకుంది. వర్తకం చేసుకోండి, వడ్డీ వద్దు అంది ఖురాన్. పెట్టుబడి పెట్టినవాడు లాభంలో వాటా తీసుకోవచ్చు, నష్టమొస్తే ఆ సొమ్ము నష్టం అతనిదే. కష్టం చేసినవాడికి పోయేది తన శ్రమ. పంట పోయినా పడవ మునిగినా నా డబ్బు నాకు వడ్డీతో సహా రావాలనడం ధర్మం కాదన్నది దాని సారం. ఈ చర్చకు హైదరాబాదుతో నేరుగా సంబంధం ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్ర శాఖకు అధిపతిగా పనిచేసిన అన్వర్ ఇక్బాల్ ఖురేషీ 1940వ దశకంలోనే ఇస్లాం, వడ్డీ సిద్ధాంతాల మీద పుస్తకం రాశారు. అప్పటికి ఇస్లామిక్ బ్యాంకులన్న మాట లోకానికి ఇంకా అలవాటు కాలేదు. ఈజిప్టులోని మిత్ గమ్ర్‌లో అలాంటి పొదుపు బ్యాంకు మొదలైంది 1963లో. ఇప్పుడు ఆ బ్యాంకులు చాలా దేశాల్లో ఉన్నాయి. అయితే వాటిలో ఎక్కువ వ్యాపారం వస్తువును కొని లాభం కలిపి వాయిదాల మీద అమ్మడమే. అది పేరు మార్చుకున్న వడ్డీ కాదా అని ఆ మతంలోని పండితులే అడుగుతున్నారు.

ఇంతవరకూ అప్పు పుట. మతాలు వేర్వేరు, కాలాలు వేర్వేరు, కారణాలు వేర్వేరు. అయినా అందరూ ఒకే చోటుకు చేరారు. మనిషి మెడమీది అప్పుకు ఎక్కడో ఒకచోట అంతం ఉండాలి.

ఇప్పుడు రెండో పుట తిప్పుదాం. ఇక్కడ లెక్క తలకిందులవుతుంది.

నాసిక్ దగ్గర పాండవలేణి గుహల్లో ఒక శాసనం ఉంది. వేయించినవాడు ఉషవదత్తుడు, క్షహరాత రాజు నహపాణుడి అల్లుడు. మన శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి చేతిలో ఓడిపోయింది ఆ నహపాణుడే. సుమారు పంతొమ్మిది వందల ఏళ్ల కిందటి మాట. ఉషవదత్తుడు గుహలో ఉండే బౌద్ధ భిక్షువుల కోసం 3,000 కార్షాపణాలు దానం చేశాడు. భిక్షువు వెండీ బంగారం ముట్టకూడదు, అది బౌద్ధ సంఘం వాళ్లకు పెట్టిన నియమం. అందుకని ఆ డబ్బు భిక్షువుల చేతికివ్వలేదు. గోవర్ధనం అనే ఊళ్లో ఉన్న నేతగాళ్ల శ్రేణుల దగ్గర దాచాడు. ఒక శ్రేణి దగ్గర 2,000, నెలకు నూటికి ఒకటి వడ్డీ. ఇంకో శ్రేణి దగ్గర 1,000, నూటికి ముప్పావు. అసలు ఎన్నటికీ వెనక్కి ఇవ్వనక్కరలేదు, వడ్డీ మాత్రమే అనుభవించాలి అని రాతిమీద చెక్కించాడు. ఈ ఒప్పందాన్ని నగర సభలో వినిపించి నమోదు కూడా చేయించాడు.

ఇప్పుడు లెక్క కట్టండి. రెండు వేల మీద నూటికి ఒకటి అంటే నెలకు 20, ఏడాదికి 240 కార్షాపణాలు. గుహలో వర్షాకాలం గడిపే ఇరవై మంది భిక్షువుల్లో ఒక్కొక్కరికి బట్టల కోసం పన్నెండు కార్షాపణాలు ఇవ్వాలని శాసనం. ఇరవై పన్నెండ్లు 240. పైసా అటూ ఇటూ లేదు. దీన్నే అక్షయనీవి అన్నారు. నేతగాడికి మగ్గం మీద పెట్టుబడి దొరికింది, భిక్షువుకు చీవరం దొరికింది, దాతకు పుణ్యం దక్కింది. డబ్బు ముట్టకూడదన్న వైరాగ్య నియమమే డబ్బును శ్రేణుల్లోకీ మగ్గాల్లోకీ నడిపించింది.

ఇదే పద్ధతి మహావృక్షమైంది తిరుమలలో. కొండమీది గోడల నిండా శాసనాలున్నాయి. తమిళంలో ఎక్కువ, తెలుగులోనూ కన్నడంలోనూ కొన్ని. దేవస్థానం వాటిని 1930లలో సంపుటాలుగా అచ్చువేసింది. వాటిని భక్తితో చదివినవాళ్లు చాలామంది. అమెరికన్ చరిత్రకారుడు బర్టన్ స్టెయిన్ వాటిని ఆర్థిక పత్రాలుగా చదివి, 1960లో ఒక వ్యాసం రాశాడు. ఆ వ్యాసంతో దక్షిణదేశపు గుడిని చూసే చూపే మారింది.

ఆ శాసనాల్లో కనిపించే ఏర్పాటు ఇలా ఉంటుంది. విజయనగర యుగంలో, సాళువ నరసింహుడి కాలం నుంచి తుళువ రాజుల కాలం దాకా, రాజులూ సేనానులూ వర్తకులూ ఆచార్యులూ శ్రీభండారంలో, అంటే ఆలయ ఖజానాలో, డబ్బు జమచేశారు. ఫలానా రోజున ఫలానా నైవేద్యం స్వామికి జరగాలని కోరిక. ఒక్క ఏడాది కాదు, సూర్యచంద్రులున్నంత కాలం. మరి ఆ నైవేద్యానికి బియ్యం ఏటా ఎక్కడినుంచి రావాలి? జమ అయిన డబ్బు ఖజానాలో పెట్టి పూజ చేస్తే గింజ పుట్టదు. అందుకని స్థానత్తార్లు, అంటే ఆలయ నిర్వాహకులు, ఆ డబ్బుతో దేవుడి గ్రామాల్లో చెరువులు తవ్వించారు, కాలువలు తీయించారు. నీళ్లు పారాయి, మెట్ట భూమి మాగాణి అయింది, దిగుబడి పెరిగింది. అలా పెరిగిన దిగుబడిలోంచి ఆ దాత కోరిన నైవేద్యం నడిచింది. రైతుకు నీళ్లు, గుడికి గింజలు. రాయలసీమ అంచున, వాన నమ్మలేని నేలమీద జరిగిన పని ఇది.

నైవేద్యం పెట్టాక ఆ అన్నం ఏమవుతుంది? అసలు కిటుకు ఇక్కడే ఉంది. శ్రీవైష్ణవ సిద్ధాంతంలో స్వామి ఆరగించినది తరిగిపోదు, ప్రసాదమై తిరిగి వస్తుంది. అందులో నాలుగో వంతు దాత వాటా. దాత దాన్ని తాను తీసుకోవచ్చు, ఒక మఠానికి రాసివ్వవచ్చు, బాటసారులకు పెట్టించవచ్చు. మిగిలింది అర్చకులకూ పరిచారకులకూ కొండ మీద సేవ చేసే ఎందరికో జీతమూ భత్యమూ. సాళువ నరసింహుడు రామానుజకూటాలనే సత్రాలు పెట్టించి, వాటి బాధ్యత కందాడై రామానుజ అయ్యంగారికి అప్పగించాడు. బ్రాహ్మణేతరులైన సాత్తాద శ్రీవైష్ణవులకు ఈ ఏర్పాట్లలో భాగం దొరికింది. తాళ్లపాక వారూ ఇలాంటి దాతలలో ఉన్నారు. దేవుడికి పెట్టినది మంటలో కాలి బూడిదైపోయే సిద్ధాంతమైతే ఈ చక్రం తిరిగేది కాదు. ప్రసాదమన్న భావమే ఆ ఆర్థిక వ్యవస్థకు ఇరుసు.

ఇంకో మాట. మనిషి దగ్గర దాస్తే మనిషి చచ్చిపోతాడు, రాజు దగ్గర దాస్తే రాజ్యం పోతుంది. దేవుడికి చావు లేదు. కాబట్టి దేవుడి పేరిట ఉన్న ఆస్తికి యజమాని ఎప్పటికీ ఉంటాడు. ఈ నమ్మకాన్ని కూడా న్యాయస్థానం ఒప్పుకుంది. హిందూ దేవతామూర్తి ఆస్తి కలిగి ఉండగల, దావా వేయగల న్యాయవ్యక్తి అని 1925లో ప్రివీ కౌన్సిల్ ఒక కలకత్తా కుటుంబపు దావాలో స్పష్టంగా చెప్పింది.

తిరుమల అనగానే కుబేరుడి అప్పు గుర్తురాక మానదు. పద్మావతిని పెళ్లాడటానికి స్వామి కుబేరుడి దగ్గర అప్పు చేశాడనీ, కలియుగం ముగిసేదాకా వడ్డీ కడుతూనే ఉంటాడనీ కథ. అందుకే వడ్డికాసులవాడని పిలుచుకుంటాం, హుండీలో మొక్కు చెల్లిస్తాం. సరదాగా చెప్పుకునే ఈ కథలో ఒక గట్టి సంగతి ఉంది. యుగాంతం దాకా తీరని అప్పును మోయగలవాడు దేవుడొక్కడే. అలాంటి అప్పు మనిషి నెత్తిన పెట్టకూడదు.

సరిగ్గా అదే జరిగింది పంతొమ్మిదో శతాబ్దంలో. ఆర్థికశాస్త్రం అప్పటికి ధర్మచింతన నుంచి వేరుపడి సొంత కాపురం పెట్టింది. దాని తండ్రి అనదగిన ఆడమ్ స్మిత్ గ్లాస్గోలో నీతిశాస్త్రం ఆచార్యుడు. వడ్డీకి చట్టపరమైన గరిష్ఠ పరిమితి ఉండాలనే ఆయన 1776 నాటి గ్రంథంలో రాశాడు. 1787లో జెరెమీ బెంథామ్ దాన్ని ఎదిరించి, వయసొచ్చి తెలివిలో ఉన్న ఇద్దరు మనుషులు ఇష్టపడి కుదుర్చుకున్న వడ్డీలో మూడోవాడికి పనేమిటని వాదించాడు. చివరికి బెంథామ్ వాదమే నెగ్గింది. ఇంగ్లండ్ 1854లో వడ్డీ చట్టాలు ఎత్తివేసింది. మరుసటి ఏడు, 1855లో, మన దేశంలోనూ ఎత్తివేశారు. ఎంత వడ్డీ రాసుకుంటే అంతా కోర్టు ఇప్పించే రోజులు వచ్చాయి.

దామ్‌దుపట్ ఇంకా ఉంది కదా అనవచ్చు. ఉంది. కానీ దాన్ని దాటడానికి తేలికైన దారి దొరికింది. 1859లో కాలపరిమితి చట్టం వచ్చి, నోటుకు మూడేళ్లే ఆయుష్షు అంది. రైతును కాపాడాలని చేసిన చట్టమది. షావుకారు మూడేళ్లు నిండేలోగా రైతును పిలిచి, రాని వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకున్నాడు. నోటు తిరగరాయడం మన శ్రోతల్లో చాలామందికి తెలిసిన సంగతే. పదివేలు, నూటికి రెండు రూపాయల వడ్డీ అనుకోండి. మూడేళ్లకు 17,200. తిరగరాశారు. ఇంకో మూడేళ్లకు 29,584. మళ్లీ తిరగరాశారు. తొమ్మిదో ఏట 50,884. ఆ మధ్యలో రైతు కొత్తగా పైసా పుచ్చుకోలేదు. ప్రతిసారీ వడ్డీయే అసలు వేషం కట్టింది, కాబట్టి రెట్టింపు గీత ఎన్నడూ దాటినట్లు కనిపించదు.

దక్కను రైతు దీన్ని మోయలేకపోయాడు. 1875లో పుణె, అహ్మద్‌నగర్ జిల్లాల్లో రైతులు తిరగబడ్డారు. సుపా అనే ఊళ్లో మొదలైన ఆ అల్లర్లలో వాళ్లు వెతికింది బంగారం కోసం కాదు, నోట్ల కోసం, ఖాతా పుస్తకాల కోసం. దొరికినవి దొరికినట్లు తగలబెట్టారు. ఆ అల్లర్ల మీద సర్కారు వేసిన విచారణ సంఘం చూసిన కేసుల్లో వంద రూపాయల అప్పుకు రెండు వేలకు పైగా వడ్డీ గుంజినది కూడా ఉంది. 1879లో దక్కను రైతుల రక్షణకు చట్టం వచ్చింది. ఎత్తేసిన గీతను సర్కారే మళ్లీ గీయాల్సి వచ్చింది.

మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, రాజాజీ ప్రభుత్వం 1938లో వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చింది. పాత అప్పుల్లో, అసలు కింద గానీ వడ్డీ కింద గానీ రైతు ఇప్పటికే రెట్టింపు చెల్లించి ఉంటే అప్పు తీరిపోయినట్లే అంది. ఇక 2010. సూక్ష్మరుణ సంస్థల వారపు వసూళ్లు తట్టుకోలేక మన పల్లెల్లో ఆడవాళ్లు ప్రాణాలు తీసుకున్నారన్న వార్తలు వచ్చిన ఏడాది. అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అందులో ఒక నిబంధన, అసలుకు మించి వడ్డీ ఏ సంస్థా వసూలు చేయరాదు. సచివాలయంలో కూర్చుని ఆ వాక్యం రాసినవారికి మనువు గుర్తున్నాడో లేదో గానీ, గీత మాత్రం అదే.

హిల్లెల్ కాలంలో జరిగినదే మళ్లీ జరిగింది. చెల్లింపులు కుప్పకూలాయి, ఆ సంస్థలు రాష్ట్రంలో కొత్త అప్పులు ఇవ్వడం దాదాపు ఆపేశాయి. తర్వాత 2023లో, రిజర్వు బ్యాంకు నియంత్రణలో ఉన్న ఆ తరహా ఆర్థిక సంస్థలకు ఈ రాష్ట్ర చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. గీత గీయడం ఒక్కటే చాలదు. గీత లోపల అప్పిచ్చేవాడు కూడా ఉండాలి. పెరూజియా సాధువులకు ఆ సంగతి తెలుసు కాబట్టే తాకట్టు కొట్టు తెరిచారు.

రెండో పుట సంగతి కూడా చూడాలి. 1985లో తిరుమలలో మొదలైన నిత్యాన్నదానానికి వచ్చే విరాళాలను జాతీయ బ్యాంకుల్లో డిపాజిట్ చేసి, ఆ వడ్డీతో భోజనాలు నడుపుతున్నారు. ఉషవదత్తుడి సూత్రమే, అసలు ముట్టుకోరు. సొమ్ము భద్రంగా ఉంది, లక్షలమంది అన్నం తింటున్నారు, బాగానే ఉంది. ఒక్క తేడా ఉంది. నాసిక్‌లో డబ్బు ఏ మగ్గంలోకి వెళ్లిందో ఊరికి తెలుసు. పదహారో శతాబ్దంలో ఏ చెరువు తవ్వించిందో కొండకింద రైతుకు తెలుసు. బ్యాంకులో వేసిన సొమ్ము ఎవరికి అప్పుగా వెళ్లిందో, అక్కడ నీళ్లు పారించిందో లేదో దాతకు తెలియదు. ఇంకోపక్క ఊరి గుడి మాన్యాలూ సత్రాల భూములూ దర్గాల వక్ఫు భూములూ ఎన్ని చోట్ల ఆక్రమణల పాలయ్యాయో మన రెండు రాష్ట్రాల్లో ఎవరినడిగినా చెబుతారు. తరగకూడదని రాసిపెట్టిన నిధి కళ్లముందే తరిగిపోతోంది.

దైవచింతన ఆర్థికశాస్త్రానికి ఇచ్చిన పాఠాలు రెండు. పేదవాడి అప్పుకు చావు ఉండాలి, పదిమంది కోసం పెట్టిన నిధికి చావు ఉండకూడదు. వడ్డీ ధర ఎంతో బజారు చెప్పగలదు, చెప్పనివ్వండి. ఎక్కడ ఆగాలో మాత్రం బజారు ఏనాడూ చెప్పలేదు. ఆ మాట స్మృతి చెప్పింది, లేఖనం చెప్పింది, ఖురాన్ చెప్పింది, అవి మరుగున పడ్డ చోట చట్టసభ చెప్పాల్సివచ్చింది. ఈ పాఠాన్ని తీసుకోవడానికి దేవుణ్ణి నమ్మనక్కరలేదు. మనువు కులాన్ని బట్టి వేసిన వడ్డీ రేటును, మధ్యయుగపు చర్చి యూదుల మీద రుద్దిన నిందను మనం నిర్మొహమాటంగా పారేయవచ్చు. గీతను పారేయకూడదు.

చివరగా శ్రోతలకు ఒక మనవి. మీరు అప్పిచ్చేవారైతే, పొదుపు సంఘంలో గానీ చిట్టీలో గానీ చేబదులుగా గానీ, వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాయించకండి. అప్పు తీసుకునేవారైతే, చెల్లించిన ప్రతి రూపాయికీ నోటు వెనక చెల్లు రాయించుకోండి. మీ ఊరి గుడికో మసీదుకో చర్చికో ధర్మసత్రానికో మాన్యం ఉంటే, అది ఇప్పుడు ఎవరి సాగులో ఉందో, దాని రాబడి ఎక్కడికి పోతోందో గ్రామసభలో అడగండి. అడిగే హక్కు మీది.